ఆదివారం పాస్తా, కిరాయి ఇంటి సీరియల్

మా కోడలు వేరే ఇల్లు చూసుకుంటానని చెప్పిన పొద్దున నేను చేటలో కందిపప్పు చెరుగుతున్నాను.

"అత్తమ్మా, వెనక వీధిల ఒక పోర్షన్ ఖాళీ అయ్యిందట. వీలు చూసుకోని పోయి మాట్లాడొస్తం" అంది, పాలకూరకు వెళ్లొస్తానన్నంత మామూలుగా.

నేను తల ఎత్తలేదు. పాల్వంచ బజారులో మా నాన్న కిరాణా కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని. అవతలివాళ్లు ఏం చెప్పినా ముఖంలో ఏమీ కనపడనీయకూడదని పదేళ్లకే నేర్చుకున్నాను. ముఖాన్నైతే కాచుకున్నాను గానీ చేటను కాచుకోలేకపోయాను. పిడికెడు పప్పు నేలపాలైంది.

"ఎందుకు బిడ్డా, ఈ ఇంటికేమైంది?"

"ఇల్లు మంచిదే. నా కడుపే మంచిగ లేదు."

ఆ కడుపు సంగతి చెప్పాలి. పెళ్లయిన రెండో నెలలో హైదరాబాద్ దవాఖానాలో పరీక్షలన్నీ చేసి, ఆ పిల్లకు గోధుమ పడదని తేల్చారు. పడకపోవడమంటే మనకు వంకాయ పడకపోవడం లాంటిది కాదట. కొంచెం లోపలికి పోయినా పేగు దెబ్బతింటుందట, బతికినన్నాళ్లూ అంతేనట. డాక్టరు ఒక కాగితం రాసిచ్చాడు: గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ, సేమియా, బ్రెడ్డు, బిస్కెట్లు. దాన్ని ఫ్రిజ్ మీద అంటించింది నేనే. చపాతీ పీటను, కర్రను అటక మీదికి ఎక్కించింది కూడా నేనే.

పాల సంగతి వేరు. పాలు మానమని డాక్టరు చెప్పలేదు.

"మరి ఎవరు మాన్పిచ్చిండ్రు?" అని అడిగాను.

"నేనే మానేసిన" అంది.

పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, కోడి, ఆఖరికి తేనె కూడా. ఇట్లా ఉండేవాళ్లను వీగన్ అంటారని చెప్పింది. అది రెండో జబ్బేమో అనుకుని, దానికి మందులు రాయలేదా అని అడిగాను. ఆ పిల్ల నవ్వలేదు. వాళ్లది తిరుమలాయపాలెం పక్కన పల్లె. ఇంట్లో బర్రెలుండేవి. పాలు పిండేటప్పుడు దూడను గుంజ దగ్గర పట్టుకుని నిలబడే పని తనదట. "అది మెడ చాపి చూస్తనే ఉంటది అత్తమ్మా. పాలన్నీ క్యాన్ల పడతయ్. నా చేతులల్ల గుంజుకుంటనే ఉంటది. ఉద్యోగం వచ్చిన నెలల మానేసిన" అంది. కల్తీ లేని సరుకు ఎదురైతే నాకు బేరం నోరు పడిపోతుంది.

సరే, గోధుమ లేదు, పాలు లేవు. అన్నం, పప్పు, చారు, కూర. ఇందులో తప్పేముంది? అయినా ఎనిమిది నెలలుగా కడుపునొప్పి తగ్గలేదు. తనకు ఆఫీసులో ఇచ్చిన డైరీలో ఏ రోజు ఏం తిన్నది, ఏ రోజు నొప్పి వచ్చింది రాసుకుంటూ వచ్చింది. చదువుకున్న పిల్ల, పద్ధతిగా రాసింది. అందులోంచి తేలిందేమిటంటే, తను వండుకున్నది తింటే కొంచెం తేలికగా ఉంటుంది. నేను వండింది తింటే పొత్తికడుపు పట్టేస్తుంది.

"మీరేదో చేసిండ్రని కాదు. నా వంట నేను వేరే చేసుకుంటె సరిపోతదేమో" అంది. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలంటే నలుగురూ నాలుగు రకాలు అనుకుంటారు, రెండు ఇళ్లయితే ఎవరూ ఏమీ అనుకోరు. అదీ తన లెక్క. అందులో వంక పెట్టడానికి నాకేమీ దొరకలేదు. నాకు వంక దొరకకపోవడం చాలా అరుదు.

తను వండుకునేది ఆదివారం ఒక్క పూటే. అది పాస్తా. బియ్యప్పిండితో చేసిన గొట్టాల్లాంటివి ప్యాకెట్లో వస్తాయి. వాటిని సగం ఉడికించి, నానబెట్టిన జీడిపప్పును వెల్లుల్లితో మెత్తగా రుబ్బి, టమాటా గుజ్జుతో కలిపి గిన్నెలో పోసి, పైన అటుకుల పొడి చల్లి, అడుగున ఉప్పు పోసిన కుక్కర్లో ఆ గిన్నె దింపి, గాస్కెట్టు, విజిల్ తీసేసి సన్న మంట మీద పెడుతుంది. ముప్పావుగంటకు పైన ఎర్రగా పెళుసెక్కుతుంది. ఆ గిన్నె పట్టుకుని తన గదిలోకి పోయి తలుపు వేసుకుంటుంది. ఫోన్లో ఒక పాత కామెడీ సీరియల్ పెట్టుకుంటుంది. గంటసేపు లోపల్నుంచి నవ్వు వినిపిస్తుంది.

హాస్టల్లో ఉన్నప్పటి అలవాటట. నలుగురమ్మాయిలు ఒకే ఫోన్, ఒకే గిన్నె. పాస్తా లేకుండా ఆ సీరియల్ చూస్తే నవ్వు రాదని, సీరియల్ లేకుండా పాస్తా తింటే రుచి తెలియదని ఒకసారి చెప్పింది. ఇడ్లీకి చట్నీ జత అంటే అర్థమవుతుంది. తిండికి సీరియల్ జతేమిటో నాకు అర్థం కాలేదు. మా నాన్న రేడియోలో వార్తలు మొదలైతే గానీ టీ గ్లాసు అందుకునేవాడు కాదు, అది వేరే సంగతి.

ఆదివారం మధ్యాహ్నం హాల్లో కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తూ మూసిన తలుపు వెనక నవ్వు వింటుంటే, రోజూ మన కొట్టు ముందు నుంచే నడుచుకుంటూ పోయి పక్క కొట్లో సరుకు కొనే మనిషిని చూసినట్టుండేది. ఆ నవ్వు ఇంక వెనక వీధికి పోతుందన్నమాట. మా వాడు కరెంటాఫీసు నుంచి వచ్చి, "అమ్మా, రెండు వీధులే గదా, దూరమేంది" అన్నాడు. దూరం వీధుల్లో ఉండదని వాడికి చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

అందుకని ఒక ఎత్తు వేశాను. అదే పాస్తా నేనే చేస్తాను, అదే సీరియల్ హాల్లో పెద్ద టీవీలో పెట్టిస్తాను, ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూస్తాం. నా చేతి వంట తిని కూడా కడుపు బాగుంటే ఇక పోర్షన్ ఎందుకు?

శనివారం సరుకులకు బయలుదేరాను. బియ్యపు పాస్తా కోసం షేర్ ఆటో ఎక్కి పెద్ద సూపర్ మార్కెట్‌కు పోవలసి వచ్చింది. కౌంటర్లో పిల్లను కొంచెం తగ్గించమన్నాను. "ఆంటీ, నేను తగ్గించినా మిషన్ తగ్గించదు" అంది. మనిషి ముఖం చూడని మిషన్‌తో బేరం ఎట్లా చేస్తారో తెలియక చెప్పిన ధర ఇచ్చి బయటపడ్డాను. ఆ అవమానం మా వీధి చివర కిరాణా కొట్టు దాకా మోసుకొచ్చి, అక్కడ దింపాను.

"ఏందక్కా, ఈ వారం రెండోసారి?" అన్నాడు కొట్టతను. ఇరవై ఏళ్లుగా నాకు అమ్మి అమ్మి సగం జుట్టు తెల్లబడిన మనిషి.

"జీడిపప్పు బద్దలు తియ్. గుండ్లొద్దు, రుబ్బేదే. అశ్వారావుపేటవే గదా?"

"అవ్ అక్కా, మొన్ననే వచ్చినయ్."

"మొన్న వచ్చినయా, పోయిన ఏడు మొన్ననా? అటుకులు పల్చటివియ్యి. ఇంగువ గూడ అయిపోయింది, ఒక డబ్బా పెట్టు." రేటు చూసి డబ్బా తిరిగి బల్ల మీద పెట్టాను. "ఏంది, గింతనా? దీంట్ల ఇంగువెంత, మైదా ఎంత? ముప్పాతిక మైదా పోసి, ఇంగువ వాసన చూపిచ్చి డబ్బాల పెడితే నేను ఇంగువ రేటియ్యాల్నా? నేను గిసొంటి డబ్బాలు ఎన్ని చూసిన."

"మెల్లగ అక్కా, గిరాకీ వింటరు."

"విననియ్. మైదా రేటు చెప్పు, కొంట."

చుట్టూ ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. అతను గబగబా తగ్గించాడు. కొసరుగా గుప్పెడు అటుకులు కూడా పోశాడు. సూపర్ మార్కెట్లో పోయిన పరువు చేతికి వచ్చినట్టయి, నెగ్గినదానిలా ఇంటికి నడిచాను.

ఆదివారం తనను వంటింట్లోకి రానీయలేదు. తను చేసేదంతా ఎన్ని వారాలు గమనించానో, ఒక్కటీ తప్పకుండా అట్లాగే చేశాను. ఒక్క చోట మాత్రం నా తెలివి వాడాను. జీడిపప్పు వాయువు చేస్తుంది. ఆ పిల్లది అసలే నాజూకు కడుపు. జీడిపప్పు ముద్దలో చిటికెడు ఇంగువ వేశాను. ఆగి, ఇంకో చిటికెడు వేశాను. చిన్నపిల్లలు, వాళ్లకు ఇట్లాంటివి తెలియవు అనుకున్నాను.

మా వాడు ఫోన్‌ను టీవీకి కలిపిచ్చి బయటికి వెళ్లాడు. ఇద్దరం కూర్చున్నాం. సీరియల్ ఏమిటంటే, ఒక మేడ ఉంటుంది. కింద ఇంటాయన, పైన మూడు పోర్షన్లలో కిరాయికున్నవాళ్లు. ఇంటాయన రోజుకో షరతు పెడతాడు. ఆ రోజు మెట్ల మీద చెప్పులు విడవకూడదన్నాడు. తెల్లారి చూస్తే అందరి చెప్పులూ తాడుకు కట్టి బాల్కనీలోంచి ఆయన నెత్తి మీదుగా వేలాడుతున్నాయి. కోడలు విరగబడి నవ్వింది.

"నవ్వెందుకు బిడ్డా? మెట్ల మీద చెప్పులిడిస్తె కాలుజారి పడరా?"

"అత్తమ్మా, ఆయన పిసినారి."

"పిసినారి కాదు, జాగ్రత్త మనిషి. నీళ్ల మోటరు గూడ రోజుకు రెండుసార్లు వెయ్యొద్దన్నడు, అంతే గదా. తప్పేముంది?"

ఆ పిల్ల గిన్నె పక్కన పెట్టి మరీ నవ్వింది. ఆయన నోరు తెరిచినప్పుడల్లా టీవీలో జనం నవ్వుతున్నారు, ఆయన మాటల్లో నాకు న్యాయమే కనపడుతోంది. కిరాయివాళ్లు ఏడ్చే చోట మాత్రం నాకు నవ్వొచ్చింది. అది చూసి తను ఇంకా నవ్వింది. సీరియల్‌ను చూసి నవ్విందో నన్ను చూసి నవ్విందో కొంతసేపటికి తేడా తెలియలేదు. తెలియకపోయినా బాగానే ఉంది.

రెండోసారి పెట్టించుకుంది. "నాకన్న మీరే మంచిగ చేసిండ్రు అత్తమ్మా. ఏందో వాసన కమ్మగున్నది" అంది. పోర్షన్ పోయినట్టే అనుకున్నాను.

సోమవారం పొద్దున తను మంచం మీద ముడుచుకుని పడుకుంది. ఆఫీసుకు సెలవు చెప్పింది. ముఖం పాలిపోయి ఉంది. నేను పక్కన కూర్చుంటే నా వైపు తిరిగింది.

"అత్తమ్మా, నిజం చెప్పండి. పైన బ్రెడ్డు పొడేమన్న చల్లిండ్రా?"

"అటుకులే బిడ్డా."

"కొంచెం గూడ మైదా కలపలేదా, చిక్కగ రావాల్నని?"

"ఒట్టు. మావాని మీద ఒట్టు."

ఎట్లా నమ్ముతుంది? నాతో బజారుకు వచ్చిన ప్రతిసారీ, పక్క కొట్లో ఇంతకన్నా తక్కువకు ఇస్తున్నారని ఇదే కొడుకు మీద నేను ఒట్లు పెట్టడం విన్న పిల్ల. నా ఒట్టుకు ఎంత విలువో తనకు తెలుసు. దిండు కింది నుంచి డైరీ తీసి రాసుకుంది. నేను తొంగి చూశాను. 'పాస్తా. అత్తమ్మ చేసింది' అని రాసి, పక్కన ఇంటూ మార్కు పెట్టింది. ఇంకెవరికో ఇచ్చేయకముందే మంగళవారం సాయంత్రం పోయి ఆ పోర్షన్‌కు మాటిచ్చి వస్తామని మా వాడు మెల్లగా చెప్పాడు.

నొప్పి తగ్గాలని గోరువెచ్చని నీళ్లలో ఇంగువ కలిపి ఇచ్చాను. మా ఇంట్లో చంటిపిల్లల కడుపునొప్పికి కూడా ఇంగువే, బొడ్డు చుట్టూ రాస్తాం. పాపం, ముఖం చిట్లించకుండా తాగింది. మధ్యాహ్నానికి నొప్పి ఇంకా ఎక్కువైంది.

నేను వంటింట్లోకి పోయి అన్నీ గట్టు మీద వరసగా పెట్టాను. పాస్తా ప్యాకెట్టు, జీడిపప్పు, అటుకులు, టమాటాలు, వెల్లుల్లి, ఉప్పు, నూనె. అన్నీ తను వాడేవే. కుక్కరూ అదే, గిన్నె కూడా అదే. తేడా ఏమిటని చూస్తే చెయ్యి ఒక్కటే మిగిలింది. కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాను. చేతికి కూడా పడకపోవడాలు ఉంటాయా? డైరీ తప్పు చెప్పదు, నేనూ తప్పు చేయలేదు. ఈ రెండూ ఎట్లా నిజమవుతాయో నాకు అంతుబట్టలేదు. అంతసేపూ ఇంగువ డబ్బా నా మోచేతికి ఆనుకునే ఉంది. దాన్ని వరసలో పెట్టాలని తోచలేదు. నా దృష్టిలో అది సరుకు కాదు, మందు.

మంగళవారం పొద్దున్నే జీడిపప్పు పొట్లం చేతబట్టుకుని కొట్టుకు పోయాను. తప్పు నాది కాకపోతే సరుకుదే కావాలి.

"గిదేం జీడిపప్పయ్యా? పిల్ల రెండ్రోజులుగ లేస్తలేదు. వాపసు తీసుకో."

అతను నాలుగు బద్దలు నోట్లో వేసుకుని నమిలాడు. "మంచిగనే ఉన్నయ్ గదక్కా. పిల్లకు అసలు ఏం పడదు?"

"పాలు తాగదనుకో. పడనిదైతే గోధుమ, మైదా. పేరెత్తినా పడదు."

నమలడం ఆపాడు. నన్నే చూశాడు. వెనక అర వైపు తిరిగి ఇంగువ డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు.

"మరి ఇది పెడతలేరా ఆ పిల్లకు?"

"ఇంగువకేమైంది?"

"ముప్పాతిక మైదా అని మీరే గదక్కా శనివారం అంటిరి. అందరి ముంగట. తగ్గించిన గూడ."

డబ్బా వెనక్కి తిప్పి వేలు పెట్టి చూపించాడు. చీమ తలకాయలంత అక్షరాల్లో ఏమేమి కలిపారో ఉంది. అందులో గోధుమపిండి ఉంది. ఆ మాట చదవడానికి నాకు కళ్లద్దాలు కూడా అక్కర్లేదు. మా నాన్న కొట్లో ఇంగువ డబ్బా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టి, పొడి ఇంగువలో పిండి ఎంతో వాసనతో చెప్పమని పందెం కట్టేవాడు. అడవి పల్లెల నుంచి సారపప్పు, తుమ్మజిగురు తెచ్చి అమ్మే ఆడవాళ్లు ఆ ఆట చూసి నవ్వేవాళ్లు. నేనెప్పుడూ ఓడిపోలేదు.

జీడిపప్పు పొట్లం తిరిగి సంచిలో పెట్టుకుని వచ్చేశాను. వాపసు అడిగి వాపసు తీసుకోకుండా ఒక కొట్టు దిగడం నాకు అదే మొదటిసారి.

దారి పొడవునా ఒక ఆలోచన వెంటే వచ్చింది. డబ్బా పారేస్తాను, ఎవరికీ చెప్పను. నాలుగు రోజుల్లో కడుపు నెమ్మదిస్తుంది. అత్తమ్మ చేతి వంట ఇప్పుడు పడుతోందని డైరీయే చెబుతుంది. సరుకులో లోపం అమ్మేవాడు తన నోటితో చెప్పడం నేను ఏ బజారులోనూ చూడలేదు. కానీ సాయంత్రం వాళ్లు మాటిచ్చి వస్తారు. పైగా ఆ పిల్ల ఇంగువ డబ్బా ఒకటి కొనుక్కుని ఆ కొత్త వంటింట్లో పెట్టుకుంటుంది, పెళ్లయ్యాక నా దగ్గర నేర్చుకున్న చారు పెట్టుకోవడానికి.

తను కుర్చీలో కూర్చుని గంజి తాగుతోంది. డబ్బా ముందు పెట్టాను.

"ఎనక చదువు."

చదివింది. మళ్లీ చదివింది. చెంచా కింద పెట్టింది.

"ఇది మనం దేంట్ల వేస్తం?"

"చారుల. పప్పుల. పులిహోరల. మొన్న పాస్తాల. నిన్న నీళ్లల్ల గూడ."

"ఎనిమిది నెలల సంది?"

"అవ్."

"మీకు తెల్వదా అత్తమ్మా?"

తెలియదని ఒక్క మాట అంటే సరిపోయేది. నోట్లో దాకా వచ్చింది కూడా.

"తెలుసు బిడ్డా. పదేండ్లప్పటి సంది తెలుసు. శనివారం కొట్ల బేరమాడినప్పుడు గూడ దాంట్ల మైదా ఉన్నదనే కొట్లాడి తగ్గిచ్చిన. ఇంట్లకు వచ్చినంక అది ఇంగువైపోయింది. ఎట్లనో నాకే సమజైతలేదు."

గంజి మీద మీగడలా కట్టింది. తర్వాత తన భుజాలు కదిలాయి. ఏడుస్తుందనుకుని లేచాను. నవ్వుతోంది, కడుపు పట్టుకుని, నొప్పికి ఆగుతూ, మళ్లీ నవ్వుతూ.

"మైదా ఉన్నదని తగ్గిచ్చుకొని..."

"అవ్."

"అదే తెచ్చి నాకు పెట్టిండ్రా?"

"కొసరు గూడ తెచ్చిన."

నవ్వు ఆగాక ముఖం మామూలైంది. ఆ మామూలు ముఖం చూస్తే నాకు భయమేసింది. "ఇంగువొక్కటేనని ఏం నమ్మకం? సాయంత్రం పోయి పోర్షన్ చూసొస్తం" అంది.

"ఒక్క నెల ఆగు. ఇంగువ లేకుండ ఒక్క నెల వండి పెడత. డైరీల రాసుకో."

"నెలా? పదిహేను రోజులు."

"ఇరవై."

"పదిహేను. ఇంట్ల ఉన్న ప్రతి డబ్బా నేను చదివినంకనే పొయ్యి దగ్గరకు రావాలె. కారంతో సహా."

"కారం మనం పట్టిచ్చిందే."

"అదే మరలో అంతకుముందు ఏం పట్టిండ్రో?"

నేను లోపల్లోపల కుదుటపడ్డాను. కొనే ఉద్దేశం లేని మనిషి బేరమాడదు. సరేనని తల ఊపి కొట్టు దిగిపోతుంది. ఈ పిల్ల ఇంకా మెట్టు మీదే నిలబడి ఉంది, నాకంటే గట్టిగా బేరమాడుతోంది. పదిహేనుకే ఒప్పుకున్నాను.

పదహారో రోజుకల్లా తను కడుపు పట్టుకోవడం తగ్గింది, పోర్షన్ మాట నేనూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు. వెనక వీధిలో టులెట్ బోర్డు తీసేశారని కూరగాయలమ్మి చెప్పింది. పని ఉన్నట్టు రెండుసార్లు అటుగా నడిచాను. బాల్కనీలో ఎవరివో చంటిపిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి.

ఇప్పుడు ఆదివారం పాస్తా ఒక వారం తను, ఒక వారం నేను చేస్తాం. నాది ఇంగువ లేక చప్పగా ఉన్నట్టే నాకు అనిపిస్తుంది, తను మాత్రం బాగుందంటుంది. డైరీ టీవీ పక్కనే ఉంటుంది. ఏం రాశావని అడిగితే, "సీరియల్ చూడండి అత్తమ్మా" అంటుంది. పోయిన వారం ఇంటాయన పైపోర్షన్ వాళ్ల వంటింట్లోకి తొంగి చూసి, ఏం వండుతున్నారో వాసన పట్టి మరీ చెప్పాడు. జనం నవ్వారు, కోడలు కూడా నవ్వింది. అంత బాగా వాసన పట్టగలిగిన మనిషిని చూసి ఎందుకు నవ్వాలో నాకు ఇంకా తెలియలేదు. అయినా ఈసారి ఆయన తరఫున మాట్లాడలేదు. గిన్నెలో అడుగున అంటుకున్న పెళుసు ముక్క గీకి తన పళ్లెంలో వేశాను.